ప్రార్థన ఇంట్లో పెట్టిన గడలు

టల్‌విక్ రంపపు మిల్లు ముందు నీళ్లలో దుంగలు కదులుతున్నాయి. సమ్మె మొదలైనప్పటి నుంచి కదలనివి ఆ పొద్దున కదులుతున్నాయి. ఉల్రికా బట్టలు పిండడం ఆపి చూసింది. ఎవరో కొత్తవాళ్లు దుంగల మీద నిలబడి, కొక్కెం గడలతో వాటిని మిల్లు వైపు తోస్తున్నారు. దగ్గరికొచ్చినవాడి గడ మీద నక్షత్రం కాల్చి ఉంది. అది ఆమె భర్త ఎలోఫ్ గుర్తు.

"ఓ ఎలోఫ్! మన గడలయ్యా! ఎవడెవడి చేతుల్లోనో ఉన్నాయి, రా!"

సుంద్స్‌వల్ తీరంలో మిల్లు దొర ఇల్లిస్తాడు, పొయ్యిలోకి చెక్కపేళ్లిస్తాడు, గడ మాత్రం ఇవ్వడు. పనివాడే మంచి కర్ర ఏరుకుని, చెక్కుకుని, తన గుర్తు కాల్చుకుంటాడు. పెళ్లాన్నైనా ఒకమాట అంటాడేమో గానీ గడని నేల మీద పడెయ్యడు. అలాంటి గడల్ని ఈ అమాయకులు తమ చేతులతోనే అప్పగించారు.

చలికాలంలో దొర కూలి కోశాడు. మంచు కరిగి, కోసిన చెక్క పలకల కోసం ఓడలు వచ్చి నిలబడగానే కూలీలంతా పని మానేశారు. సారా ముట్టమని ఒట్టేసుకున్నారు. పూటపూటా ప్రార్థనలు చేశారు. అయినా జిల్లా గవర్నరు సైన్యాన్ని వెంటబెట్టుకుని దిగాడు. అప్పుడు బోధకుడు హెడ్‌లుండ్ సభలో లేచాడు.

"సోదరులారా, గడకి ఇనప మొన ఉంది. సిపాయి కంటికి అది బల్లెం. అన్నీ ప్రార్థన ఇంట్లో పెట్టండి, తాళం నా దగ్గరుంటుంది. మన చేతులు ఖాళీగా కనబడితే గవర్నరుగారు మన మాట వింటారు."

"గడ ఇచ్చేశాక మాకు మిగిలేదేంటండీ?" అన్నాడు ఎలోఫ్.

ఆడవాళ్ల వరుసలోంచి ఉల్రికా మొగుడి మీద విరుచుకుపడింది. "అయ్యగారినే నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతావయ్యా? మన బిడ్డ పోయిన నాడు పక్కన కూచున్నది ఆయన కాదూ?"

ఎలోఫ్ లేచి వెళ్లి తన గడ తెచ్చి ఇచ్చాడు. అతని వెనకే అందరూ గడలు అప్పగించారు.

ఇప్పుడు జనమంతా ప్రార్థన ఇంటికి పరిగెత్తారు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల ఒక్క గడ లేదు. హెడ్‌లుండ్ కాఫీ తాగుతున్నాడు.

"తాళం ఎవరికిచ్చారు అయ్యగారూ?" అడిగింది ఉల్రికా.

"దొరగారు అడిగారు తల్లీ. ఈ స్థలం ఆయనది, ఈ పలకలు ఆయనవి. కాదంటే రేపు ఈ ఇల్లు పీకించేస్తారు. అప్పుడు మీ ప్రార్థనలెక్కడ?"

"మా ఇళ్లు పీకించేస్తే?"

"ఓర్పు పట్టండి."

"పడతాం బాబూ," అంది ముసలి విధవ సారా-లీసా. "తమరు కాఫీ తాగండి. మేం ఓర్పు తాగుతాం."

ఆ మధ్యాహ్నమే సిపాయిలు ఇళ్ల మీద పడ్డారు. మంచాలూ పొయ్యిగిన్నెలూ బయటికి విసిరారు. గుమ్మానికి అడ్డం నిలబడ్డ ఎలోఫ్‌ని కట్టి, జైలుకి పోయే పడవెక్కించారు. పాత కూలి ఇస్తే వస్తామంటే కుదరదట. తగ్గించిన కూలికి వస్తామంటేనే ఇళ్లు తిరిగిస్తారట.

ఆదివారం వాన. హెడ్‌లుండ్ ప్రార్థనకి గంట కొట్టాడు. ఒడ్డున సామాన్ల మధ్య కూచున్నవాళ్లలో కొందరు లేచారు. పెర్-ఎరిక్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పోదాం. అయ్యగారి చేత దొరకి చెప్పించుకుందాం. పిల్లలు తడిసిపోతున్నారు."

ఉల్రికా ఆ సామాన్లలోని తన బల్ల మీదికెక్కింది. ఆ ఊళ్లో ఆడది జనం ముందు నిలబడి మాట్లాడడం అదే మొదలు.

"నమ్మమన్నది నేను! తిట్టండి, పడతాను. కానీ ఇవాళ ఆ గుమ్మం తొక్కితే దొర గుమ్మం తొక్కినట్టే. రెండూ ఆ మిల్లు పలకలే! దేవుడు ఆ ఇంట్లోనే ఉంటానంటే ఉండనివ్వండి. మనం వానలోనే ఉందాం. ఓడలు ఖాళీగా పోయేదాకా ఉందాం!"

ఒడ్డున కాపలా ఉన్న ఇద్దరు సిపాయిలు ఆమెని జుట్టు పట్టి కిందికి లాగారు. వాళ్ల అధికారి చుట్టూ చూశాడు.

"ఇంకా ఎవరైనా మాట్లాడేవాళ్లున్నారా?"

"ఉన్నాం నాయనా," అంది సారా-లీసా. "కాస్త చెయ్యందించండే, మోకాళ్లు పట్టేశాయి."

పడవ వైపు ఈడ్చుకుపోతుంటే ఉల్రికా తల తిప్పి చూసింది. నలుగురు ఆడవాళ్లు ముసలిదాన్ని ఆ బల్ల మీదికి ఎత్తుతున్నారు. వాళ్ల వెనక ఇంకొకామె పావడా ఎగదోపుకుంటోంది. పెర్-ఎరిక్ టోపీ మళ్లీ నెత్తిన పెట్టుకుని, బల్ల ఊగకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.