వాన పడేదాకా ఆ గది గుండీది

కోట్లు కుట్టే ఆ దుకాణానికీ ఎండకాలానికీ పాతపగ. మేడమీది పొడుగాటి గదికి కప్పు ఇనుపరేకులు. పొద్దు నడినెత్తికి రాకముందే రేకులు కాగి, కింద కూర్చున్నవారి మాడు పట్టుకునేవి. దానికి తోడు ఇస్త్రీబల్ల మీంచి లేచే ఆవిరి ఒకటి. ఇన్ని రకాల ప్రాణులను ఇంత తెలివితో సృష్టించిన భగవంతుడు, మండుటెండలో నల్ల ఉన్నికోటు తొడుక్కునే మనిషిని మాత్రం ఏ పరాకున సృష్టించాడో అని కాజాలు కుట్టే వదిన తరచు విస్తుపోయేది.

దుకాణం నడిపే మేస్త్రికి ఆమె అన్నగారి భార్య. అందుచేత అక్కడ అందరికీ ఆమె వదినే. ఆమెకంటే వయసులో చాలా పెద్దవాడైన ఇస్త్రీ తాతకు కూడా. ఆమె చేతి కాజా ఎంత నేర్పైనదో, నోటి మాట అంత సూటియైనది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకమని మేస్త్రి వెనుక గొణిగేవాడు. ముందు గొణిగే ధైర్యం అతనికి లేదు.

మెట్ల కింద తల్లి కోసం ఏడుస్తున్న కుక్కపిల్లను ఆమె ఒడిలో వేసుకు వచ్చినప్పుడు అతడు ఒక్కటే షరతు పెట్టాడు.

"కత్తిరింపుబల్ల కింద ఉంచుకోండి వదినా. ట్రయల్ రూమ్ గడప మాత్రం తొక్కకూడదు. ఆ గది వచ్చేవాళ్లది."

పిల్ల గుప్పెడంత ఉంది. గుండ్రటి కళ్లను బట్టి దానికి గుండీ అని పేరు పెట్టారు. వదిన ఒక బుట్ట తెచ్చి, కోట్లు కత్తిరించగా మిగిలిన ఉన్నిముక్కల్లో మెత్తనివీ దళసరివీ ఏరి నాలుగు వరుసలు పరిచింది. చీకటిగా, వెచ్చగా, తల్లి కడుపులా ఉండాలని ఆమె తలపు. చలిరోజులైతే అది పుణ్యమే. ఈ ఎండల్లో పొయ్యి మీద పరుపు వేసినట్టయిందని ఆమెకు తోచలేదు. బతుకంతా మనుషులకు వెచ్చదనం కుట్టిన చేతులు మరి!

ఆ మధ్యాహ్నం పిలిస్తే గుండీ రాలేదు. వదిన వంగి చూసింది. నాలుక పూర్తిగా బయటికి వేలాడుతోంది. డొక్కలు కొలిమితిత్తుల్లా ఎగిసిపడుతున్నాయి. చిగుళ్లు ఎర్రబడ్డాయి, మూతి చుట్టూ చొంగ జిగటగా అంటుకుంది. ఆమె గబగబా ఒక ఉన్నిముక్కను నీళ్లలో ముంచి తల నుంచి తోక దాకా కప్పింది. ఆయాసం తగ్గకపోగా హెచ్చింది. ఇంకొక తడిముక్క కప్పబోయింది.

"ఆగమ్మా వదినా!" ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తాత అరిచాడు. "అది నేను పొద్దస్తమానం చేసే పనే కదా! కింద వేడి, పైన తడిగుడ్డ. ఏమవుతుంది? ఆవిరేగా?"

ఆమె చేయి మధ్యలోనే నిలిచిపోయింది. మరుక్షణం గుడ్డను లాగి విసిరి, పిల్లను రెండు చేతుల్లో ఎత్తుకుని ట్రయల్ రూమ్ వైపు నడిచింది. ఆ గది ఒక్కదానికే ఇటుకల కప్పు, రాతినేల, కిటికీ, పంకా ఉన్నాయి. మేస్త్రి అడ్డంగా నిలబడ్డాడు.

"వదినా! ప్లీడరుగారు మెట్లెక్కుతున్నారు. కోటు సరిచూసుకోవాలి ఆయన."

"చూసుకోమను. కళ్లు ఆయన దగ్గరే ఉన్నాయిగా."

"అద్దం లోపలుందండీ!"

"ఊపిరి కూడా లోపలే ఉంది అబ్బాయీ. తప్పుకో."

అతడు తప్పుకోలేదు. ఆమె భుజంతో ఒక తోపు తోసి లోపలికి పోయి గడియ పెట్టింది. రాతినేల మీద గుండీని పక్కకు తిప్పి పడుకోబెట్టి పంకా తిప్పింది. కిటికీ తెరిచింది. ఇంతలో తలుపు సందున తాత గొంతు వినిపించింది. పశువైద్యుడికి ఫోన్ చేశాడట.

"ఐసు వద్దన్నాడమ్మా. మామూలు కుళాయినీళ్లే. పొట్ట, తొడల లోపలి పక్క, పాదాలు తడిపి గాలి తగలనివ్వమన్నాడు. ఏమీ కప్పవద్దట. తాగడానికి కొద్దికొద్దిగా పెట్టాలట, నోట్లో పోయకూడదట. కాస్త తేరుకోగానే తీసుకు రమ్మన్నాడు."

గదిలో చేతులు కడుక్కునే కుళాయి ఉంది. ఆమె దోసిట పట్టి తడిపింది, చేత్తో గాలి విసిరింది, మళ్లీ తడిపింది. 'స్వామీ, ప్రాణం పోయడం నీ పని. పోనివ్వకుండా కాపలా కాయడం నా పని. నా పనికి ఎవరు అడ్డం వచ్చినా ఊరుకోను' అని మనసులో అనుకుంది. అది ప్రార్థనో, పోట్లాటో ఆమెకే తెలియలేదు.

బయట కొత్త గొంతు వినబడింది.

"లోపలున్నది ఎవరయ్యా?"

"మా వదినండీ. కుక్కపిల్లతో..."

"కుక్కపిల్లకు కూడా కోటు కుడుతున్నారా?"

"దేవుడు కుట్టిందే దానికి బరువైంది ప్లీడరుగారూ!" లోపలి నుంచి వదిన అంది. "ఎండదెబ్బ తగిలింది. పొద్దు వాలాక రండి."

"సాయంత్రం నేను సభలో మాట్లాడాలి. ముందు తలుపు తీయండమ్మా. ఒక కుక్క కోసం మనిషిని నిలబెడతారా?"

"మీరు కోటు తొడుక్కుని ఆ రేకుల కింద కాసేపు నిలబడి చూడండి. ఉక్కపోస్తే విప్పేసుకోవడానికి మీకు చేతులున్నాయి. దీనిది విప్పుకునే కోటు కాదు."

"మీ మీద నాలుగు సెక్షన్లు పెట్టవచ్చు, తెలుసా?"

"పెట్టండి. అయిదోది నేను చెబుతాను, రాసుకోండి: నోటి దురుసు!"

తాత కిసుక్కున నవ్వాడు. ప్లీడరు నవ్వలేదు. ఊళ్లో దుకాణాలు కరువయ్యాయా అంటూ మెట్లు దిగిపోయాడు. మేస్త్రి ఆయన వెంట వీధి దాకా పోయి బతిమాలి, వట్టి చేతులతో తిరిగివచ్చి తలుపు మీద దబదబ బాదాడు.

"ఇక చాలు వదినా! ఇన్నాళ్లూ పెద్దవారని ఊరుకున్నాను. మీ పెట్టె సర్దుకోండి. రేపటినుంచి రావద్దు."

భర్త పోయిన నాటినుంచి ఆ సూది ఒక్కటే ఆమెకు అన్నమూ, తోడూ. అది తెలిసీ మేస్త్రి ఆ మాట అన్నాడు. ఆమెకు కంట నీరు తిరిగింది. అయినా తడిచేయి ఆగలేదు.

కొంతసేపటికి గుండీ డొక్కల ఎగశ్వాస నెమ్మదించింది. మెడ ఎత్తి, కుళాయి పక్కనున్న గిన్నెలో పెట్టిన నీళ్లను వాసన చూసి రెండు గుక్కలు నాకింది. ఇంకో రెండు. కాళ్లు తడబడుతూ లేచి నిలబడి, నీళ్ల గిన్నెను కాదని ఆమె బొటనవేలు కొరికింది.

వదిన గడియ తీసింది. ఎవరివంకా చూడకుండా తన చోటికి పోయి, సూదులూ దారాలూ గుండీలూ పెట్టెలో సర్దింది. మేస్త్రి ముఖం చిన్నబోయింది. ఆపుదామని ఒక అడుగు వేసి మళ్లీ వెనక్కి తగ్గాడు. ఆమె పెట్టె చంకన పెట్టుకుని, మెట్లవైపు కాక తిన్నగా ట్రయల్ రూమ్‌లోకే వచ్చి, గడపలో పీట వేసుకు కూర్చుంది.

"ఇదేమిటి వదినా?"

"సర్దుకోమన్నావు, సర్దుకున్నాను. ముందు దీన్ని డాక్టరుకు చూపించి వస్తాను. రేపటినుంచి ఎండ వాలేదాకా నా కాజాలు ఇక్కడే. వాన పడేదాకా మధ్యాహ్నం ఎవరికీ కొలతలు లేవు."

"దుకాణం మీదా, నాదా?"

"దుకాణం నీదే. మొండితనం నాది."

అంతలో గుండీ రాతినేల నడుమకు తూలుతూ నడిచి, అద్దం ఎదుట తీరికగా వంగింది. సన్నని నీటిధార ఒకటి ప్లీడరు నిలబడవలసిన చోటు దాకా పాకింది.

"చూశారా! చూశారా!" అని మేస్త్రి గొంతు చించుకున్నాడు.

"చూశాను. తాగిన నీరు వంటబట్టింది." వదిన ముఖం దీపంలా వెలిగింది. పాతగుడ్డ ఒకటి అందుకుంటూ లేచింది.

"తుడుస్తాను అబ్బాయీ. గది మాత్రం ఖాళీ చెయ్యను."