స్వామిని మోసిందెవరు

సగం పూసిన గోడను అలాగే వదిలేసి హన్మాండ్లు పరంజా దిగాడు. జూన్ ఎండకు ఇనుప గొట్టాలు అరచేతుల్ని కాల్చాయి. సౌదీలోని దమ్మామ్‌లో ఈ గోదాముల పనికి మధ్యాహ్నం పన్నెండు కొడితే గాని విడుపు లేదు. అయినా పిలిచింది కంపెనీ యజమాని విశ్వనాథం. తొట్టిలో సిమెంటు గట్టిపడుతుందని ఎవరు ఆగుతారు?

క్యాంపు భోజనశాలలో ఏసీ వేశారు. కూలీలు తినే వేళకు మాత్రం అది ఎప్పుడూ చెడిపోయే ఉంటుంది. నాలుగు వందల మందిని పనులకు పంపే విశ్వనాథం ఊరి వైపు ఎమ్మెల్యేగా నిలబడుతున్నాడు. ఆయన జీవిత చరిత్రను వీడియో తీస్తున్నారు. ముప్పై ఏళ్ల కిందట ఇదే దేశంలోని హాయిల్ తోటల్లో ఆయనతో ఉన్నవాళ్లలో ఇక్కడ మిగిలింది హన్మాండ్లు ఒక్కడే.

ఆఫీసు ఇంజినీరు ఉదయ్‌కిరణ్ ఇస్త్రీ చొక్కా అందించాడు. “ఇది వేసుకోండి అంకుల్. అప్పట్లో మీతో పనిచేస్తూ ఎండదెబ్బకి పడిపోయిన మీ ఊరి స్వామిగారిని మన సార్ భుజాన వేసుకుని రోడ్డు దాకా మోశారని చెప్పండి. ఒక్క టేక్ చాలు.”

“గట్ల గాదు గద సారూ,” అన్నాడు హన్మాండ్లు.

విశ్వనాథం నవ్వాడు. “పాత ముచ్చటనే హన్మాండ్లూ, ఎవలు మోస్తే ఏంది? ఇయ్యాలనే నీ ఇఖామా రెన్యూ జేపిస్త. వారంల ఎగ్జిట్ కొట్టిపిస్త. ఇంటికి పోదువు.”

ఇక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా కార్డు గడువు తీరి ఎనిమిది నెలలు. కంపెనీ పొడిగించనిదే దేశం దాటే ఎగ్జిట్ వీసా లేదు. ఊరు చూసి ఆరేళ్లు. భార్య సరళ కళ్లకు పొర కమ్మింది, భర్త వస్తేగాని ఆపరేషన్‌కు రానని మొండికేసింది. ఇన్ని ఓర్చుకున్నవాడికి ఒక్క అబద్ధం ఎంత? చొక్కా తొడుక్కున్నాడు.

“ఇది యాడ సూపిస్తరు?”

“మీ ఊళ్లోనే ఫస్ట్ మీటింగ్ అంకుల్. స్వామిగారి భార్య సీతాబాయిగారి చేత స్టేజీ మీద సార్‌కి దండ వేయిస్తాం.”

హన్మాండ్లు చేయి గుండీ మీద ఆగిపోయింది. స్వామి ఆసుపత్రి మంచం మీద కన్నుమూశాడని సీతాబాయికి చెప్పింది తనే. పాపం, తట్టుకోలేదని అసలు సంగతి దాచాడు. ఆ దాచిన చోటే విశ్వనాథం వచ్చి కూర్చున్నాడు.

కెమెరా వెలిగింది.

“హాయిల్ల టమాట తోటల స్వామి పడిపోయిండు. పికప్ బండి ఆడనే ఉండె. విశ్వనాథం మాకు ఫోర్‌మన్.” హన్మాండ్లు కెమెరా వంకే చూస్తూ చెప్పాడు. “టమాటలు మండీకి పోయొచ్చినంకనే బండి ఇస్తనన్నడు. నేనే మోసిన. రోడ్డెక్కకముందే నా ఈపు మీదనే పాణం వోయింది.”

“ఆపు!” విశ్వనాథం లేచాడు. “ఎగ్జిట్ వద్దా నీకు?”

హన్మాండ్లు చొక్కా విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టాడు.

“కావాలె సారూ, మస్తు గావాలె. గని సీతాబాయి చేత నీకు దండ ఏపియ్య.”

తిరిగి పరంజా ఎక్కేసరికి తొట్టిలో సిమెంటు రాయైపోయింది. హన్మాండ్లు సుత్తి తీసి దాన్ని పగలగొట్టసాగాడు. విడుపుకు ఇంకా పావుగంట ఉంది.