విత్తనానికీ, చట్నీకీ

జయంతి పెంచిన కణాలన్నీ చచ్చిపోయింది ఒక బుధవారం. పన్నెండేళ్ళ కిందటి మాట. మరిది జయరాం కొడుకు పుట్టెంట్రుకలకని ఒక్కరోజుకు పోయి, వంటలకూ గిన్నెలకూ చుట్టాల పక్కబట్టలకూ అయిదు రోజులు ఉండిపోయింది. అప్పుడు కాపురం హైదరాబాదులో. అక్కడి యూనివర్సిటీ ల్యాబులో ఆ కణాలకు రెండు రోజులకోసారి పోషక ద్రవం మార్చాలి. మార్చేవాళ్ళు లేరు. తిరిగివచ్చి పరీక్ష మందు చుక్కలు వేస్తే, రావలసిన గులాబి రంగు రాలేదు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

ఇంటికొచ్చి చెబితే భర్త గంగాధర్ నవ్వాడు. "ఇంకోసారి పెంచుకోవచ్చులే. అవేమన్నా గొర్రెపిల్లలా, చచ్చినాయని ఏడ్చేదానికి?"

ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత అత్తకు కంటి ఆపరేషన్ వచ్చింది, జయరాం గృహప్రవేశం వచ్చింది, ముదిగుబ్బ హైస్కూల్లో తనకు ఉద్యోగం వచ్చింది. పీహెచ్‌డీ కాగితాలు బీరువా మీది సూట్‌కేసులోకి పోయాయి. "నీ చదువు యాడికి పోతాది, ముందు ఇది చూడు" అనేవాడు గంగాధర్. చెడ్డవాడు కాదు. ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఫ్యాను తన వైపు నుంచి ఆమె వైపు తిప్పేవాడు. ఎనిమిది నెలల కిందట ఎవరిదో బోరు మోటారు బాగుచేస్తూ గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. ఇప్పుడు ఉండి ఉండి అతని మీద కోపం వస్తుంది. పోయినవాడితో పోట్లాడటానికి లేదు. మూతి ముడుచుకున్నా బతిమాలేవాడు లేడు.

మే నెల మొదటి వారంలో, అప్పట్లో ఆమెకు గైడుగా ఉన్న అరుణజ్యోతి మేడం హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. "వచ్చే ఏడాది రిటైరవుతున్నాను జయంతీ. నీ పాత రిజిస్ట్రేషన్ మళ్ళీ తెరిపించవచ్చు. సోమవారం నుంచి అయిదు వారాలు ల్యాబులో చోటుంది. శుక్రవారం లోపల చెప్పు."

జయరాంకు చెబితే అనంతపురం నుంచి ఒక్క క్షణం ఆలోచించకుండా అన్నాడు. "ఇప్పుడు చదువేంది వదినా? అమ్మకు రెండు పూటలా వేడి సంగటి కావాల. లావణ్యకు షాపు డ్యూటీ ఉండాది కదా."

లావణ్య అతని భార్య. బట్టల షాపులో పన్నెండు గంటలు నిలబడి, ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడుతుంది. తను పోతే ఆ సంగటి కెలికే కట్టె లావణ్య చేతికే పోతుంది. తన చదువు ఇంకో ఆడమనిషి నడుము మీద సాగాలా అనుకుంది జయంతి. రాలేనని మేడంకు చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

గురువారం సాయంత్రం అత్త కదిరమ్మ వసారాలో శెనక్కాయలు ఏరుతోంది. నిండు కాయలు విత్తనానికి, గింజ సరిగా నిండని నొక్కులు చట్నీకి. జయంతి పక్కన కూర్చుని ఇంకో చాట అందుకుంది.

"ఏమే, అంత దూరం పోయి నువ్వు చూసేదేంది?"

"మన ఒంట్లో క్రిముల్ని మింగే కణాలుంటాయత్తా. వాటికి ఆర్జినిన్ అని ఒక సరుకు కావాల. ఈ కాయల్లో గూడా బాగా ఉంటాది."

"మన శెనక్కాయల్లోనా!" కదిరమ్మ ఒక కాయను వెలుతురుకు పట్టి చూసింది.

"ఆ. కణంలో ఇద్దరు పనోళ్ళున్నారనుకో. ఒకడు ఆ సరుకుతో నైట్రిక్ ఆక్సైడ్ అనే గాలి చేసి క్రిముల్ని చంపుతాడు. ఇంకొకడు అదే సరుకుతో పుండు మానేదానికి కావాల్సింది చేస్తాడు. ఒకడు ఎక్కువ లాగేస్తే ఇంకొకడికి చాలదు."

"దీనికి ఇన్నేండ్లు చదవాల్నా? ఇత్తనానికి పోయింది చట్నీకి రాదు. చట్నీకి పోయింది మొలకెత్తదు. అంతే గదా?"

జయంతికి నవ్వాగలేదు. ఆ ముక్క చెప్పడానికి తను నలభై పేజీలు రాసింది. "అంతే. ఎంత ఎటు పోవాల్నో ఆ కణానికి ఎవరు చెప్తారు, మనం తిప్పగలమా, అది చూస్తా ఉంటి."

"తేలినాదా?"

"లేదత్తా, నడమ ఆగిపాయ."

"యాడ ఆగిపాయ?"

"జయరాం కొడుకు పుట్టెంట్రుకల కాడ."

కదిరమ్మ చెయ్యి కాయల మీద ఆగింది. "ఓళిగలు నువ్వు బాగా చేస్తావని ఆ పొద్దు నిన్ను ఉండమనింది నేనే."

పరవాలేదులే అత్తా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఎవరేమన్నా ముందు వచ్చేది ఆ మాటే. జయంతి దాన్ని బయటికి రానీయలేదు.

"అవునత్తా," అంది.

కదిరమ్మ చాట పక్కన పెట్టి కోడలి ముఖంలోకి చూసింది. "నిన్నంతా చట్నీకే వాడేస్తిమి గదే," అని, చేతులు దులుపుకుని, "ఆ ఫోను ఇట్లియ్యి," అంది.

"ఒరే జయరామా, ఆదివారం బస్సెక్కి వస్తాండా. అయిదు వారాలుంటా."

"రామ్మా. కానీ లావణ్య..."

"లావణ్య పేరెత్తినానా నేను? నిన్ను గదరా కనింది. నువ్వే చెయ్యి."

"నాకు సంగటి యాడొస్తాదిమ్మా?"

"పుట్టినప్పుడు నడక గూడా రాలేదు. నేర్చుకోలేదా?"

ఆ రోజు షాపుకు సెలవై ఇంట్లోనే ఉన్న లావణ్య అవతల పగలబడి నవ్వడం వసారా దాకా వినిపించింది.

ఆ రాత్రే జయంతి మేడంకు వస్తున్నానని చెప్పింది. ఆదివారం రైల్లో కూర్చున్నాక జయరాం రెండుసార్లు ఫోన్ చేశాడు, నీళ్ళెన్ని, పిండెంత అని. అతని పక్కనే ఉన్న అత్తనడగమంది, రెండుసార్లూ. ఉండలు కట్టకుండా సంగటి కెలకడం అతనికింకా రాలేదు.