తడిబట్టలు వేసి చూడండి

వాషింగ్ మెషీన్ వెయ్యాలంటే నసీమా ముందు మూడు పనులు చేస్తుంది. రబ్బరు చెప్పులు తొడుక్కుంటుంది, కొయ్యపీట లాక్కుని దానిమీద నిలబడుతుంది, ఎడంచేతిని కొంగులో చుట్టి వీపు వెనక్కి పెట్టుకుంటుంది. అప్పుడు కుడిచేత్తో మీట తిప్పుతుంది. భవానీపురం మొత్తంమీద బట్టలుతకడానికి ఇంత తయారయ్యే ఇల్లాలు ఇంకొకతి ఉండదు. "పెళ్లికి కూడా ఇంత ముస్తాబు కాలేదు మా వదిన" అని మరిది ముస్తఫా నవ్వుతాడు. విప్పిన చొక్కా ఆ టబ్బులోకే గిరాటేసి మరీ నవ్వుతాడు.

ఎనిమిది నెలలుగా ఆ మెషీన్ కరెంటు కొడుతోంది. ఉతికే టబ్బులో ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. బట్టలు పిండే టబ్బులో వేసి తిప్పేసరికి రేకు వణుకుతుంది, చెయ్యి తగిలితే మోచెయ్యిదాకా జివ్వుమంటుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా మొగుడు కరిముల్లా వచ్చి, ఖాళీ మెషీన్ మీద తబలా వాయించినట్టు దరువేసేవాడు. "ఏదే? నాకు కొట్టలేదే. నీకొక్కదానికే కొడుతుందా?" మెకానిక్ లాజరుని రెండుసార్లు పిలిచారు. అతనూ ఖాళీగానే తిప్పి చూశాడు. "మెషీన్ బంగారంలా ఉంది సార్. ఆడవాళ్లకి కొంచెం భయం ఎక్కువ" అని తీర్పు చెప్పి, నసీమా పెట్టిన టీ తాగి వెళ్లాడు. ఆ టీలో ఉప్పు వెయ్యనందుకు నసీమా ఇప్పటికీ బాధపడుతుంది.

ఈ పొద్దున కథ తేలిపోయింది. కరిముల్లా వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టుకి బయల్దేరుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ చెప్పాడు. "సాయంత్రం వెంకటప్పయ్య గారిని తీసుకొస్తా. పాత సామాన్లు కొంటాడు. ఆ మెషీన్ ఇచ్చేద్దాం. రోజూ నీ గోల వినలేకపోతున్నా. రాయి మీద ఉతుక్కో, ఒంటికి మంచిది." ఎవరి ఒంటికో చెప్పలేదు. ఆరుగురి బట్టలు, అందులో అత్తమ్మ దుప్పట్లు, పిల్లల యూనిఫారాలు, గ్రీజు మరకల ముస్తఫా ప్యాంట్లు. మెషీన్ రాకముందు ఏడేళ్లు రాయి మీదే ఉతికింది. ఆ నడుం నొప్పి ఎలా ఉంటుందో తనకి తెలుసు. మళ్లీ ఆ రాయి దగ్గరికి వెళ్లడం ఒక ఎత్తు, లేని షాకుకి భయపడి మెషీన్ అమ్మించిన పిరికిదని జీవితాంతం అనిపించుకోవడం ఇంకో ఎత్తు. సాయంత్రందాకా టైముంది. నసీమా గిన్నెలు సింకులోనే వదిలేసింది.

ఈ ఇంట్లో ఎవరికీ గుర్తులేని సంగతి ఒకటుంది. కంకిపాడులో నసీమా నాన్న ఇస్సాక్‌కి మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉండేది. కాలిపోయిన పొలం మోటార్లు బళ్లమీద వచ్చేవి. సన్నటి వేళ్లున్నాయని పదకొండో ఏటినుంచే నసీమాని కూర్చోబెట్టాడు. రాగితీగ చుట్టడం, వార్నిష్ పట్టించడం, బల్బు పెట్టి పరీక్షించడం, అన్నీ తనే. రైతు గుమ్మంలోకి రాగానే మాత్రం "లోపలికెళ్లమ్మా" అనేవాడు. మోటారు బాగా తిరిగితే "మా కుర్రాడు చుట్టాడండీ" అనేవాడు. షాపులో కుర్రాడంటూ ఎవరూ లేరు. పెళ్లయ్యాక పంపిస్తూ, "అక్కడ స్క్రూడ్రైవర్ పట్టుకోమాక తల్లీ, బావుండదు" అన్నాడు. పన్నెండేళ్లు పట్టుకోలేదు. ఇవాళ మాత్రం సొరుగులోంచి టెస్టర్ తీస్తుంటే వేళ్లు తహతహలాడాయి.

ముందు లాజరు చేసినట్టే ఖాళీగా తిప్పి టెస్టర్ రేకుకి ఆనించింది. వెలగలేదు. నానబెట్టిన దుప్పటి, రెండు ప్యాంట్లు, మూడు చీరలు నీళ్లు కారుతుండగా పిండే టబ్బులో కుక్కి మళ్లీ తిప్పింది. మెషీన్ గడగడా ఊగింది. టెస్టర్‌లో ఎర్రటి చుక్క!

"అత్తమ్మా! త్వరగా రండి! రండి!"

సుగ్రా చేతిలో తస్బీ పూసలతోనే పరుగున వచ్చింది. ఎర్రదీపం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "నిజంగానే కొడుతుందా?"

"ఎనిమిది నెలల్నుంచీ అదేగా చెప్తున్నా!" నసీమాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "బరువు పడితేనే వస్తుంది అత్తమ్మా! ఖాళీగా తిప్పితే ఎట్టా తెలుస్తుంది? ఈ ఇంట్లో తడిబట్టలు వేసి చూసిన మగాడెవరు?"

సుగ్రా తస్బీ మెళ్లో వేసుకుని, "టార్చి తేనా?" అంది.

నసీమా తడిబట్టలు బకెట్లోకి తీసేసి, ప్లగ్గు పీకేసింది. ఆ ప్లగ్గే ఒక కథ. వెనక వసారాలో రెండు రంధ్రాల బోర్డే ఉందని, కొన్నరోజే కరిముల్లా మూడు పిన్నుల ప్లగ్గు తీసేసి రెండు పిన్నులది బిగించాడు. పచ్చవైరు మడిచి టేపు చుట్టాడు. "అది ఎర్తు వైరండీ, కరెంటు లీకైతే భూమిలోకి పోవడానికి" అంటే, "కంపెనీవాళ్లు ఊరికే పెడతారు. నువ్వు నాకు చెప్తావా?" అన్నాడు. అందుకే లీకైన కరెంటుకి నసీమా ఒళ్లు తప్ప ఇంకో దారి లేకపోయింది.

వెనక రేకు స్క్రూలు ఊడొచ్చాయి. లోపల తుప్పు, సబ్బుపొడి, చిన్నది ఎప్పుడో పారేసుకున్న హెయిర్‌పిన్ను. ఒక బల్బు హోల్డర్‌కి రెండు వైర్లు కట్టి సీరీస్ బల్బు తయారుచేసింది. ఎక్కడైనా వైరు రేకుని తాకుతుంటే ఆ బల్బు వెలిగి పట్టిస్తుంది. పిండే మోటారు వైర్లు విడదీసి, మోటారుని ఒక్కదాన్నే పరీక్షించింది. వెలగలేదు. మోటారులో తప్పులేదు. మళ్లీ వైర్లు కలిపి చూసింది. అప్పుడూ వెలగలేదు. నసీమా ముఖం వాడిపోయింది. మూడున్నరైంది. పిల్లలొచ్చే వేళ.

ఉన్నట్టుండి తట్టింది. ఇప్పుడూ మెషీన్ ఖాళీగానే ఉందిగా! తనూ లాజరులాగే చూస్తోంది! వంటింట్లోకి పరుగెత్తి చపాతీ కర్ర తెచ్చింది. బల్బు చూస్తూ ఉండమని అత్తమ్మకి చెప్పి, తడిబట్టల బరువు పడ్డప్పుడు స్ప్రింగుల మీద మోటారు ఎలా కిందికి దిగుతుందో అలా ఆ పొడి కర్రతో నొక్కింది.

"వెలిగిందే! నసీమా, వెలిగింది!" సుగ్రా చిన్నపిల్లలా అరిచింది. "ఆరిపోయింది! మళ్లీ వెలిగింది! అల్లా, దొరికిందే దొంగ!"

మోటారు దిగినప్పుడల్లా వైరు రేకు అంచుకి రాసుకుంటోంది. రాసుకుని రాసుకుని తొడుగు అరిగి, బియ్యపుగింజంత రాగి బయటపడింది. ఆ గింజంత రాగిని చూసి నసీమాకి ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఇది నా భయం కాదు, నా పిచ్చి కాదు, ఇదిగో, కళ్లముందు మెరుస్తోంది. బల్బు పీకేసి, వైరుకి మూడు పొరలు టేపు చుట్టి, రేకు అంచుకి పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగి, వైరుని అవతలివైపుకి లాగి నైలాన్ తాడుతో కట్టేసింది. మూలనపడ్డ ఇస్త్రీపెట్టె ప్లగ్గు ఊడదీసి, పచ్చవైరుని దాని పెద్దపిన్నుకి బిగించింది. ఇద్దరూ కలిసి మెషీన్‌ని వంటింటి కిటికీ కిందికి తోశారు. అక్కడ ఫ్రిజ్ బోర్డుకి ఎర్తు ఉంది. ఉందని నమ్మేసి ఊరుకోలేదు, బల్బు పెట్టి చూసింది. నిండుగా వెలిగింది.

ఆరింటికి కరిముల్లా, వెంకటప్పయ్య వచ్చేసరికి పిండే టబ్బు నిండా బట్టలతో గడగడా తిరుగుతోంది. నసీమా చెప్పుల్లేకుండా తడినేల మీద నిలబడి రెండు చేతులూ రేకు మీద ఆనించి ఉంది. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది, బరువు, అంచు, రాగి, పచ్చవైరు. సుగ్రా తన చెయ్యి బకెట్లో ముంచి రేకు మీద వేసి, "ఏం లేదురా. నీ పెళ్లాం చేసింది" అంది.

"మీరూ పట్టుకుని చూడండి" అంది నసీమా. "చెప్పులు విప్పి, చెయ్యి తడుపుకుని."

కరిముల్లా చెయ్యి చాపాడు. జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. "లాజరుని రానీ. వాడు చూశాక ముట్టుకుందాం" అన్నాడు.

నసీమా ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. పిల్లల్ని మెషీన్ దగ్గరికి పోనివ్వమాకని, అది కరెంటు కొట్టిన మొదటి నెలలోనే చెప్పాడు. అప్పుడా మాట ముచ్చటగా అనిపించింది. తన మాట నమ్మట్లేదనే ఇన్నాళ్లూ ఏడ్చింది. నమ్మాడు. నమ్మే, ఉతకమన్నాడు.

మీట కట్టేసి, ముందు వెంకటప్పయ్య వైపు తిరిగింది. "అమ్మడం లేదండీ. అనవసరంగా శ్రమపెట్టాం, టీ తాగి వెళ్లండి." తర్వాత భర్తతో నెమ్మదిగా అంది.

"రేపట్నుంచి మీ బట్టలు మీరే మెషీన్లో వేసి ఉతుక్కోండి. భయపడమాకండి. బాగుచేసింది నేను."