వదిన వయసు

"ఆ తెల్లది కాదు, నీలం చొక్కా తియ్యి. ఫొటోలు తీస్తారు," అన్నారు మావారు అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ.

తెల్లది అప్పటికే ఇస్త్రీ చేసేశాను. నీలంది బల్ల మీద పరిచి నీళ్ళు చిలకరించాను. కాలరు దగ్గర ఒక ముడత ఎంతకీ పోదు. నాకీ పని అలవాటు తప్పింది. పదిహేనేళ్ళుగా ఈ ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేసింది వదిన, అంటే మావారి అక్క. ఆవిడ పోయి రెండు నెలలైంది. ఆ రోజు మావారి ప్రసంగం, ముప్ఫై ఏళ్ళుగా దేశంలో అకాల మరణాలు ఎలా తగ్గుతూ వచ్చాయన్న విషయం మీద.

ఆయన యూనివర్సిటీలో జనాభా లెక్కల ప్రొఫెసరు. డెబ్భై నిండకుండా పోయినవాళ్ళంతా ఆయన లెక్కలో అకాలంగా పోయినవాళ్ళే. ఎక్కడ ఎంతమంది, ఏ జబ్బుతో, ఏ వయసులో పోయారో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆయన రాసినవన్నీ టైపు చేసి తప్పులు దిద్దేది నేను. స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చాక అది నా రెండో ఉద్యోగం, జీతం లేనిది. "నీ అంత బాగా ఇంకెవరూ చెయ్యలేరోయ్," అంటారు. ఆ ఒక్క మాటకే పొంగిపోయి ఇన్నేళ్ళూ చేసుకుంటూ వచ్చాను.

వదిన మొగుడు ఇంకో కాపురం పెట్టుకుంటే, ఆవిడ ఒక పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చింది. "కొన్నాళ్ళు ఉంటుంది," అన్నారు మావారు. వచ్చిన మర్నాడే వంటిల్లు అందుకుంది. నేను వద్దంటే, "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. మా తమ్ముడికి కొండలెక్కడివి, పుస్తకాలు తప్ప?" అని నవ్వేది. మా అమ్మాయికి తల దువ్విందీ, జ్వరమొస్తే పక్కన మేలుకుని కూర్చుందీ, హాస్టలుకు వెళ్ళేటప్పుడు పెట్టె సర్దిందీ ఆవిడే. ఆవిడ ఉండబట్టే నేను ఉద్యోగం చేశాను, ఆయన పుస్తకాలు రాశారు. జుట్టు ముందే నెరిసిపోవడంతో ఇంటికొచ్చినవాళ్ళు "మీ అమ్మగారా?" అని అడిగేవాళ్ళు. "అక్క. అమ్మలాంటిదే," అనేవారు మావారు. వదిన టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

నిరుడు వానలు మొదలైనప్పటి నుంచి మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చునేది. "ఏమిటొదినా?" అంటే, "మెట్లు లెక్కపెడుతున్నానే, తమ్ముడికి పనికొస్తాయని," అనేది. పాదాలు వాచేవి. పడుకుంటే ఊపిరాడటం లేదని తల కింద రెండు దిండ్లు పెట్టుకునేది, తర్వాత మూడు. మావారితో చెప్పాను.

"వయసు మీద పడుతోంది కదా. ఈ రిపోర్టు పంపేశాక నేనే తీసుకెళ్తాను."

ఒక రిపోర్టు వెళ్ళాక ఇంకోటి మొదలయ్యేది. చివరికి నేనే ఒక గురువారానికి డాక్టరు దగ్గర టైము తీసుకుని, స్కూలుకు సెలవు పెట్టాను. బుధవారం సాయంత్రం మావారు హుషారుగా వచ్చి, పై దేశాల నుంచి ప్రొఫెసర్లు వచ్చారనీ, మర్నాడు మధ్యాహ్నం పదిమందిని భోజనానికి పిలిచాననీ చెప్పారు.

"రేపు వదినని డాక్టరుకి చూపించాలి. హోటల్లో పెట్టిద్దాం," అన్నాను.

"అక్క చేతి వంట అని చెప్పి పిలిచాను. ఏం బాగుంటుంది?"

వదిన వంటింట్లోంచే కేకేసింది. "డాక్టరెక్కడికీ పారిపోడులేవే. వచ్చేవారం వెళ్దాం."

నేను ఊరుకున్నాను. మర్నాడు అతిథులు లొట్టలేసుకుంటూ తిన్నారు. భోజనాల దగ్గర మాటలన్నీ అకాల మరణాల గురించే. వదిన వడ్డిస్తూ విన్నది. తర్వాత గిన్నెలు తోముకుంటూ, "పాపం, అంతమంది పోతున్నారుటే?" అంది నాతో.

వచ్చేవారం దాకా ఆగలేదు. సోమవారం నేను క్లాసులో ఉండగా పక్కింటావిడ ఫోను చేసింది, వదిన పడిపోతే ఆస్పత్రికి తీసుకొచ్చానని. పరిగెత్తాను. మా అమ్మాయికంటే కొంచెం పెద్దదేమో, ఆ డాక్టరమ్మ బయటికొచ్చి, "బీపీ ఎన్నాళ్ళ నుంచి ఉందండీ?" అంది. తెలియదన్నాను. "ఎప్పుడూ చూపించలేదా?" లేదన్నాను. "గుండె బాగా దెబ్బతింది. ముందే మాత్రలు మొదలుపెట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో," అని నా చెయ్యి పట్టుకుంది.

మర్నాటికి వదిన లేదు. మావారు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. ఆ ఏడుపు నటన కాదు. నాకు మింగుడుపడనిది అదే.

ప్రసంగానికి హాలు నిండిపోయింది. తెర మీద ఎర్రగీత ఏటవాలుగా కిందికి దిగుతోంది. ఒకప్పుడు ఎంతమంది పసిపిల్లలు, ఎంతమంది బాలింతలు పోయేవారో, టీకాలూ మంచినీళ్ళూ కాన్పుల ఆస్పత్రులూ వచ్చాక ఎంతమంది బతికి బట్టకట్టారో మావారు చెప్తుంటే నాకు నిజంగానే సంతోషమేసింది. అందరితోపాటు చప్పట్లు కొట్టాను.

వెనక వరసలోంచి ఒక స్టూడెంటు లేచింది. "సార్, నలభైకీ అరవైకీ మధ్య ఆడవాళ్ళ దగ్గర ఈ గీత దిగడం ఆగిపోయినట్టుంది. ఎందుకని?"

"మంచి ప్రశ్న. బీపీ, సుగరు, గుండెజబ్బులు. మందులున్నాయి, ఆస్పత్రులున్నాయి, కానీ వాళ్ళు రారు. ఆడవాళ్ళకి తమ ఆరోగ్యమంటే నిర్లక్ష్యం. ఎక్కడిదాకానో ఎందుకు, మా ఆవిడే ఉంది. తలనొప్పొస్తే పక్కనున్న నాకే చెప్పదు!"

హాలంతా నవ్వింది. ముందువరసలోవాళ్ళు తిరిగి నన్ను చూశారు. చూస్తున్నారు కదా అని నేనూ నవ్వాను. 

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయన ఈలవేస్తున్నారు. "పత్రికవాళ్ళు అడిగారోయ్. రేపటికల్లా టైపు చేసిపెట్టు. ఆ అమ్మాయి ప్రశ్న, నా జవాబు కూడా కలుపు, బాగా పండింది."

"మీ లెక్కలో మీ అక్క ఉందా?" అన్నాను.

"అక్కా? అక్క పెద్దది కదా."

"మీకంటే మూడేళ్ళు పెద్ద."

సిగ్నలు దగ్గర ఆగి ఉన్నాం. పచ్చలైటు పడింది. ఆయన కారు కదపలేదు. వెనక హారన్లు మోగుతున్నాయి.

"యాభై రెండా?" అన్నారు, ఎవరినో అడుగుతున్నట్టు.

"యాభై రెండే. ఆవిడది నిర్లక్ష్యం కాదు. గురువారానికి టైము తీసుకున్నాం. ఆ రోజు మనింట్లో భోజనాలు."

"అంత బాగాలేదని నాకు చెప్పొచ్చు కదా?"

"చెప్పాను."

ఆయన నావైపు చూసి, మళ్ళీ రోడ్డు వైపు తల తిప్పుకున్నారు. కారు పోనిచ్చారు. ఇంటి మలుపు దాకా వచ్చాక నేనే అన్నాను. "అది నేను టైపు చెయ్యను. ఆ జవాబు నా చేత్తో రాయలేను. మీరే రాసుకోండి. మీ అక్కకేమైందో రాయాలనిపిస్తే అడగండి, చెప్తాను."

ఇంటికొచ్చాం. ఆయన బూట్లు విప్పుతూ అలవాటు చొప్పున వంటింటి వైపు చూశారు. అక్కడ దీపం లేదు. నాకూ ఆకలిగానే ఉంది. అయినా ముందుగదిలో కుర్చీలాక్కుని కూర్చున్నాను, లేవలేదు. కాసేపటికి ఆయనే లోపలికెళ్ళి, ఏ డబ్బాలో ఏముందో తెలియక ఒక్కో మూతా తీసి చూస్తున్న చప్పుడు వినబడింది. కొంప మునిగిపోలేదు. ఏమీ కాలేదు. ఇంత తేలికా ఇది? పదిహేనేళ్ళలో ఒక్క సాయంత్రం, కనీసం ఆ బుధవారం సాయంత్రం, నేనిలా కూర్చుని, "రా వదినా, నువ్వూ కూర్చో, రేపు మనింట్లో వంట లేదు," అని ఉంటే.