చల్లటి నూనె, కదిలే పట్టాలు

చల్లగా ఉంది నూనె.

రూతు బొడ్డు చుట్టూ పాకుతోంది... జిడ్డుగా, చక్కిలిగిలిగా. ఏడేళ్ళ పొట్ట ఒక్కసారిగా లోపలికి ముడుచుకుంది.

"మద్రాసు నుంచి పొట్టకి రాసే జెల్లీ ఇంకా రాలేదమ్మా. ఇవాళ్టికి ఆముదమే గతి," అన్నారు డాక్టరు సంజీవరావు గారు.

ఆముదమైతే అమలమ్మకు తెలుసు. ఇంట్లో కూతురి పొట్టకు రాసి రాసి అలసిపోయిందీ దాంతోనే. నొప్పి మాత్రం తగ్గలేదు.

తెలియనిది బల్ల పక్కనున్న ఆ పెట్టె.

దీపం ఆర్పేశారు. కిటికీకి నల్ల తెర దించారు. బెజవాడ ఎండంతా బయటే ఆగిపోయింది. చీకట్లో పెట్టె అద్దం వెలిగింది — బూడిద రంగులో.

"కత్తి ఎక్కడుందండీ?"

అమలమ్మ చీకట్లో బల్ల చుట్టూ వెతికింది. రేపు కడుపు కోసి చూడాలన్నారు, ఇంకో ఆస్పత్రి వాళ్ళు. కోత అంటే ఆమెకు తమ్ముడే గుర్తొస్తాడు. ఇలాగే కడుపునొప్పితో లోపలికి వెళ్ళాడు... బల్ల మీంచి మళ్ళీ లేవలేదు.

"కత్తి లేదమ్మా. శబ్దంతో చూస్తాం."

"నాకేం వినపడ్డం లేదండీ."

"నాకూ వినపడదు! మనిషి చెవికి అందని శబ్దం అది."

నవ్వారాయన. పెట్టె తీగ చివరనున్న గుబ్బని రూతు పొట్ట మీద ఆనించారు. ఇన్నాళ్ళూ ఈ పెట్టెతో గర్భిణులనే చూశారు. చిన్నపిల్ల కడుపునొప్పిని చూడబోవడం ఇదే మొదలు.

"ఊపిరి బిగపట్టు తల్లీ."

రూతు బిగపట్టింది. అమలమ్మా బిగపట్టింది. డాక్టరు గారూ బిగపట్టారు.

మబ్బు... మబ్బు మీద మబ్బు... తెల్లవారుజామున కృష్ణ మీది పొగమంచులా.

అమలమ్మ కళ్ళు మూసుకుంది. ప్రభువా... ప్రభువా...

"పట్టాలు!"

అరిచింది రూతు. రైలు కట్ట పక్కనే వాళ్ళిల్లు. పట్టాలు ఆ పిల్లకు రోజూ చూసేవే. అద్దంలో రెండు తెల్ల గీతలు, పక్కపక్కనే...

"అమ్మా! పట్టాలే కదులుతున్నాయే!"

డాక్టరు గారు కుర్చీలోంచి దిగ్గున లేచారు.

"ఏలికపాములు! బతికున్నాయి! ఉండ చుట్టుకుని పేగుకి అడ్డం పడ్డాయమ్మా!"

ఆ మాటకి ఏ తల్లయినా హడలిపోవాలి. అమలమ్మకు మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించింది. కనపడింది! ఇన్నాళ్ళూ బిడ్డను మెలిపెట్టిన నొప్పి, చర్మం మీద గాటు కూడా పడకుండా, కనపడింది!

"అయితే... కోత?"

"ముందు మందు పోద్దాం. అవి కదిలి దారి ఇస్తే కోత లేదు. ఇవ్వకపోతే... పొద్దున్నే మళ్ళీ చూసి చెప్తాను."

పొద్దున్నే. మళ్ళీ అదే గది, అదే నల్ల తెర.

"ఇవాళ కూడా పట్టాలు చూపిస్తారా అండీ?" రూతుకి ఆత్రం.

"లేకపోతేనే మంచిది తల్లీ," అన్నారాయన.

ఆముదం సీసా అమలమ్మ తనే అందుకుంది. అరచేతిలో పోసుకుని, రెండు చేతులూ గట్టిగా రుద్దింది. బిడ్డ పొట్ట మీద మెల్లగా పరిచింది. ఈసారి పొట్ట ముడుచుకోలేదు.

"ఊపిరి బిగపట్టు."

ముగ్గురూ బిగపట్టారు.

అద్దం వెలిగింది. మబ్బు... మబ్బు మీద మబ్బు...

ఈసారి అమలమ్మ కళ్ళు మూసుకోలేదు.

వెచ్చగా ఉంది నూనె.