తడి ఆరేదాకా

పెద్దింట్లో పని మొదలెట్టే ముందు సుడిగాలి రెండు గుడ్డలు తీసుకుంటుంది. పొడిది కుడి భుజం మీద, తడిది ఎడమ భుజం మీద. ఇక ఆ పూటకి ఆవిణ్ణి ఆపగలిగినవాడు పుట్టలేదు. అసలు పేరు వేరే ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆవిడ పద్ధతి ఆవిడది. గుమ్మంలో నిలబడి కుడిచేతి వైపు గోడతో మొదలెడితే, గదంతా చుట్టి మళ్ళీ అదే గుమ్మానికి రావాల్సిందే. మర్చిపోయిన గుడ్డ కోసం మధ్యలో పరిగెత్తడాలు లేవు. పైనుంచి కిందకి రావాలి: ముందు బూజు, తర్వాత ఫ్యాను, అలమర, కిటికీ, ఆఖరికి నేల. నేల తుడిచేశాక ఫ్యాను దులిపేవాళ్ళని చూస్తే ఆవిడకి జాలి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటుంది. ఇక తడిగుడ్డ పెట్టేటప్పుడు దూరపు గోడ దగ్గర మొదలెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మంలో తేలుతుంది. తుడిచిన నేల మీద వేరేవాళ్ళని అడుగు వెయ్యనివ్వదు సరే, తను కూడా వెయ్యదు.

ఇంత పద్ధతి దేనికంటే, ఇల్లు పెద్దది. పైగా పెరుగుతుంది.

గుమ్మడితీగ పిందె వేసినట్టు ఆ ఇల్లు అప్పుడప్పుడూ ఓ గది వేస్తుంది. అమ్మగారికి మోకాళ్ళు పట్టేసిన ఏడాది, మెట్లెక్కే పని లేకుండా కిందనే ఆవిడకో పడగ్గది వేసింది. అమ్మగారి తమ్ముడు ఉద్యోగం విరమించి, రేడియోలు విప్పి మళ్ళీ బిగించే పిచ్చిలో పడ్డాక, వంటింటి వెనక ఆయనకో గది వేసింది. దాంతో భోజనాల బల్లకి విముక్తి కలిగింది. ఇల్లు ఎవరికోసం గది వేస్తే ఆ గది వాళ్ళది. దానిమీద రెండో మాట లేదు. పాలాయన కూడా "కొత్త కిటికీ వచ్చినట్టుందే" అనేసి పాలు పోసి వెళ్ళిపోతాడు.

సుడిగాలికే ఒళ్ళు మండేది. కొత్త గది అంటే సున్నం పొడీ, పుట్టుకతోనే పట్టిన బూజూ. "మళ్ళీ కన్నావా తల్లీ? కనడం నీ వంతు, కడగడం నా వంతు" అని గోడని దెప్పేది. దెప్పితే దెప్పింది గానీ, సాయంత్రం తలుపు మీద చెయ్యేసి "వస్తానే" అని చెప్పకుండా వెళ్ళిన రోజు లేదు. మొగుడు పోయి, చంకలో పిల్లతో, ఏ పనీ చేతకాకుండా వచ్చిన రోజున రమ్మన్న గుమ్మం అది. ఆవిడకి జ్వరమొస్తే, లేచి వచ్చేదాకా ఇల్లు దుమ్ము పట్టకుండా ఊపిరి బిగబట్టుకుని ఉంటుందని అమ్మగారే చెప్పారు.

ఆ చంకలోని పిల్ల ఇప్పుడు నర్సు చదువు ఆఖరి ఏడాదిలో ఉంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్ళు అద్దెకుంటున్న ఇల్లు పడగొట్టి దుకాణాలు కడతారట. ఆదివారంలోగా ఖాళీ చెయ్యాలి. ఎంత గాలించినా దొరికిన గదులన్నీ ఊరికి ఆ చివరే. అక్కణ్ణుంచి పిల్ల తెల్లారేసరికి ఆస్పత్రికి ఎలా చేరుతుంది? ఇక మిగిలింది వేరే ఊళ్ళో పెద్దక్క ఇల్లు. వెళితే తలమీద కప్పు ఉంటుంది, చదువు ఉండదు. "పర్లేదులే అమ్మా, వచ్చే ఏడు చూద్దాం" అంది పిల్ల. ఆ 'పర్లేదు' సుడిగాలి గుండెలో ముల్లై కూర్చుంది.

పెద్దింట్లో ఈ మాట చెప్పలేదు. అడిగితే కాదనరని తెలుసు. అందుకే నోరు రాలేదు. ఇప్పటిదాకా చేసింది చాలదా, ఇంకా మీద పడాలా అనుకుంది.

అమ్మగారు పసిగట్టకపోలేదు. "ఏమైందే నీకు? ఈ వారమంతా నన్ను ఒక్క మాటైనా దెప్పలేదు" అన్నారు.

"ఏం లేదమ్మగారూ, కిటికీ తుడవాలి" అన్న జవాబు పక్క గదిలోంచి వచ్చింది. ఆవిడతో అదే కష్టం. ప్రశ్న పూర్తయ్యేసరికి మనిషి అక్కడ ఉండదు.

శుక్రవారం పెద్దహాలు వంతు. బూజు అయింది, ఫ్యాను అయింది. బకెట్‌లో గుడ్డ ముంచి పిండింది. చెయ్యి నేల మీద ఉంది గానీ మనసు పెద్దక్క ఇంటి వసారాలో ఉంది. అక్కడ పిల్ల పుస్తకాలు ఎక్కడ పెట్టాలా అని చూస్తోంది. అలా తుడుస్తూ, వెనక్కి జరుగుతూ ఉండగా వీపుకి గోడ తగిలింది. తలెత్తి చూస్తే ఏముంది, గుమ్మం హాలుకి అవతల ఉంది. నడుమ నేలంతా అద్దంలా మెరుస్తోంది. తను మూలన, కుడితిలో పడ్డ ఎలకలా ఉంది. ఇన్నేళ్ళ పనిలో మొదటిసారి గుమ్మం దగ్గర మొదలెట్టి గోడ వైపు తుడిచింది.

ముందు తమ్ముడుగారు చూశారు, చేతిలో సగం విప్పిన రేడియోతో.

"సుడిగాలమ్మా, అక్కడేం చేస్తున్నావు?"

"నిలబడ్డానండి."

"అది కనబడుతూనే ఉంది. అక్కా, ఓసారి ఇలా రా. మళ్ళీ జన్మలో కనబడదు."

అమ్మగారు కర్ర ఊనుకుంటూ వచ్చి, చూసి, గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "నువ్వు లోపల కాలు పెట్టకురా" అన్నారు తమ్ముడితో.

"పెడితే ఆవిడ బతకనిస్తుందా?"

"మొత్తానికి దొరికావే" అన్నారు అమ్మగారు ఇటు తిరిగి. "తడి ఆరేదాకా ఎక్కడికీ పోలేవు. ఇప్పుడు చెప్పు."

"నడిచి వచ్చేస్తానమ్మగారూ."

"తుడిచిన నేల మీదా? నువ్వా?"

సుడిగాలి ఓ కాలెత్తింది. గాలిలో కాసేపు ఉంచింది. మళ్ళీ ఉన్నచోటే పెట్టుకుంది. ఇక దారి లేక అంతా చెప్పింది. ఇల్లు, ఆదివారం, పెద్దక్క, పిల్ల అన్న పర్లేదు.

"ఇన్ని గదులున్న ఇంట్లో తిరుగుతూ, ఒక్క మాట అంటే నోరు అరిగిపోతుందా?"

"ఇవన్నీ మీకోసం వేసినవి కదమ్మగారూ. ఒకళ్ళ గదిలో ఇంకొకళ్ళు ఉండకూడదు. ఈ ఇంటి పద్ధతి మీకు నేను చెప్పాలా?"

తమ్ముడుగారు ఎటూ పాడని రేడియో మీట తిప్పుతూ నిలబడ్డారు. గోడలకి చెవులుంటాయని ఊరికే అనలేదు పెద్దలు. అంతలో సుడిగాలి వీపుకి వెచ్చగా తగిలింది. గోడ, ఆవు పక్కకి జరిగినట్టు, మెత్తగా జరిగింది.

"సుడిగాలమ్మా, నీ వెనక..."

"ఊరుకోరా" అన్నారు అమ్మగారు మెల్లగా. "ఆవిడే చూసుకుంటుంది."

తిరిగి చూస్తే తలుపు. తోసింది. ఇద్దరు మనుషులకి సరిపోయే గది. స్టూలు ఎక్కకుండా ఆవిడ చేతికి అందే అలమర. లావుపాటి నర్సు పుస్తకాలు పరుచుకునేంత బల్ల. అవతల గోడకి ఇంకో తలుపు, లోపల గడియతో, సందులోకి. ఎవర్నీ అడక్కుండా వెళ్ళొచ్చు, రావచ్చు. కిటికీలోంచి సందు చివర ఆస్పత్రి గేటు కనబడుతోంది.

అలవాటు కొద్దీ ఆవిడ కళ్ళు ముందు బూజు కోసం వెతికాయి. లేదు. సున్నం పొడి లేదు. నేల చూసింది. తడిగా ఉంది. దూరపు గోడ దగ్గర మొదలెట్టి, వరస వెంట వరస వెనక్కి వస్తూ, సరిగ్గా ఆవిడ నిలబడ్డ గుమ్మం దాకా ఎవరో తుడిచారు. ఎక్కడా ఒక్క అడుగు పడలేదు.

"ఎలా ఉందే?" అన్నారు వెనకనుంచి అమ్మగారు.

"తడిగా ఉందమ్మగారూ."

అంటూనే ద్వారబంధం పైన వేలు పెట్టి రాసి చూసుకుంది. వేలికి దుమ్ము అంటింది.

"పైనుంచి కిందకి రావాలని ఎన్నేళ్ళుగా చెబుతున్నానే నీకు" అంది గోడతో. కుడి భుజం మీది పొడిగుడ్డ తీసి ముందు కళ్ళు తుడుచుకుంది, తర్వాత ద్వారబంధం తుడిచింది. ఆ తర్వాత, తన గదిలో నేల ఆరేదాకా, గుమ్మంలోనే నిలబడింది.